ముందు కాగితం, తర్వాత కొమ్ము: తాతగారి దుప్పి కొమ్ములను బాగుచేసి గోడకు పెట్టుకోవడం గురించి

విశాఖపట్నం మహారాణిపేట నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం సారాంశం ఇది. వారి తాతగారు మన్యంలో కలప వ్యాపారం చేసిన రోజుల్లో తెచ్చిన రెండు జతల దుప్పి కొమ్ములు పాత ఇంటి హాలులో చాలాకాలం వేలాడాయి. పెద్ద జత కణుజుది, అంటే సాంబరు దుప్పిది. పుర్రె ముక్కతో సహా టేకు పలకకు బిగించి ఉంది. చిన్న జత చుక్కల దుప్పిది. పుర్రె లేకుండా విడివిడిగా ఉన్న రెండు కొమ్ములను ఒక చెక్కకు మరలతో బిగించారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు పైకప్పు పెంకులు ఎగిరిపోయి హాలు తడిసినప్పుడు ఇవి కూడా నానాయి. అప్పటినుంచి గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టారు. తండ్రిగారు పోయి మూడు నెలలు కావస్తోంది. వారి పెట్టెలో 2003 నాటి ప్రకటన ఆధారంగా అటవీ శాఖ ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రం దొరికింది. అందులో కణుజు కొమ్ముల ప్రస్తావన మాత్రమే ఉంది. ఇప్పుడు మధురవాడలో కొత్త ఫ్లాటులోకి మారుతున్నారు. రెండు జతలనూ తెల్లగా శుభ్రం చేయించి, వార్నిష్ వేయించి, విరిగిన ఒక శాఖను అతికించి హాలులో పెట్టుకోవాలని వారి కోరిక. హైదరాబాదులో ఉన్న చెల్లెలు చిన్న జత తనకు కావాలంటోంది. రాలిపోయిన కొమ్ములకు కాగితాలు అక్కర్లేదని, పాలిష్ దుకాణంలో ఇచ్చేస్తే వారంలో మెరిపించి ఇస్తారని పెదనాన్నగారి అబ్బాయి చెబుతున్నాడు. ఏం చేయమంటారని ప్రశ్న.

మీరు అడిగిన క్రమంలో కాకుండా సమాధానం చెప్పవలసి వస్తున్నందుకు మన్నించాలి. మీ ప్రశ్నలు శుభ్రం చేయడంతో మొదలయ్యాయి. నా సమాధానం మాత్రం ధ్రువపత్రంతో మొదలు కావాలి, ఎందుకంటే మీ దగ్గర ఉన్న వ్యవధి దానికే తక్కువ. కొమ్ములు పదేళ్ళకు పైగా అటక మీద ఉన్నాయి, ఇంకో రెండు నెలలు ఉన్నా వాటికి కొత్తగా వచ్చే నష్టం లేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘ట్రోఫీ’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో దుప్పి కొమ్ము, ఎముక, గోరు, దంతం, వెంట్రుక వంటివన్నీ ఉన్నాయి. వేటాడి తెచ్చినదా, అడవిలో రాలి పడి ఉంటే ఏరి తెచ్చినదా అన్న తేడా ఆ నిర్వచనంలో లేదు. దుప్పులు ఏటా కొమ్ములు రాల్చి కొత్తవి పెంచుకుంటాయన్నది నిజమే. మీ చిన్న జత మొదళ్ళు కొంచెం ఉబ్బెత్తుగా, గరుకుగా, రంపంతో కోసిన గుర్తు లేకుండా ఉంటే అవి రాలిన కొమ్ములే కావచ్చు. కాని దానివల్ల దుప్పిని ఎవరూ చంపలేదని తెలుస్తుందే తప్ప వాటిని ఇంట్లో ఉంచుకునే హక్కు రాదు. మీ పెదనాన్నగారి అబ్బాయి మాట చాలామంది నమ్మే మాట కాబట్టి దీన్ని ఇంత వివరంగా చెబుతున్నాను. ఇంకొక సంగతి కూడా గమనించండి. ఇలాంటి వస్తువు ఎవరి దగ్గరైనా ఉన్నట్టు రుజువైతే అది అక్రమంగా ఉన్నదనే న్యాయస్థానం మొదట భావిస్తుంది. సక్రమమేనని చూపవలసిన బాధ్యత ఉన్నవారిదే అని 57వ సెక్షన్ చెబుతోంది. సాధారణ ఉల్లంఘనలకు మూడేళ్ళ దాకా జైలు గాని, 2022 సవరణ తర్వాత లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. మొదటి షెడ్యూలు, అంటే చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న జాబితాలోని జంతువుల విషయంలో శిక్ష మూడేళ్ళ నుంచే మొదలై ఏడేళ్ళ దాకా వెళ్తుంది.

తండ్రిగారు చేసిన పని మెచ్చుకోవలసింది. ఇళ్ళలో పాతకాలం నుంచి పడి ఉన్న వన్యప్రాణి వస్తువులను శిక్ష భయం లేకుండా ప్రకటించుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2003 ఏప్రిల్‌లో నియమాలు తెచ్చి 180 రోజుల గడువు ఇచ్చింది. ఆ అవకాశం గురించి అసలు వినని కుటుంబాలూ ఉన్నాయి. అయితే ఆ పత్రం వారి పేరున ఉంది. మీది వారసత్వపు హక్కు, దాన్ని మీ పేరున నమోదు చేయించుకోవాలి. అత్యధిక రక్షణ ఉన్న షెడ్యూలు జంతువుల ట్రోఫీలు వారసత్వంగా వచ్చినప్పుడు 90 రోజుల లోపల ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి ప్రకటన ఇవ్వాలని 40వ సెక్షన్ నిర్దేశిస్తోంది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి రావడంతో షెడ్యూళ్ళ స్వరూపమే మారిపోయింది. అందుచేత మీ కణుజు ఏ షెడ్యూలులో ఉందని తర్కించుకుంటూ కూర్చోకుండా, ఆ 90 రోజుల నియమం మీకు వర్తిస్తుందన్నట్టే నడుచుకోండి. ‘మూడు నెలలు కావస్తోంది’ అని రాశారు గనుక ఈ వారమే విశాఖపట్నంలోని జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి వెళ్ళి, మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం, అసలు యాజమాన్య పత్రం నకలు, కొమ్ముల ఫొటోలు జతచేసిన దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. వారసత్వ పత్రం ఇంకా చేతికి రాకపోతే దాని కోసం ఆగవద్దు. దరఖాస్తులో ఆ మాట రాసి ముందు ప్రకటన ఇచ్చేయండి. కొత్త చిరునామాకు తరలిస్తున్నారన్న విషయం కూడా అందులోనే రాయండి.

చుక్కల దుప్పి జత సంగతి కష్టమైనది. పత్రంలో లేదు కనుక దాని మీద మీరు గాని నేను గాని బాగుచేత గురించి మాట్లాడుకునే అవసరం ఇప్పుడు లేదు. దాన్ని కడగవద్దు, కోయవద్దు, చెల్లెలికి పంపవద్దు, భయపడి సముద్రంలోనో చెత్తకుండీలోనో వేయవద్దు. ప్రభుత్వ ఆస్తిగా పరిగణించే వస్తువును అనుమతి లేకుండా పాడుచేయడం కూడా చట్టం దృష్టిలో తప్పే. మంచి దారి ఏమిటంటే, వన్యప్రాణి కేసులు తెలిసిన న్యాయవాదిని ఒకసారి సంప్రదించి, ఆ జత ఇంటికి ఎలా వచ్చిందో మీకు తెలిసినంత మేరకు రాతపూర్వకంగా అటవీ శాఖకు మీరే తెలియజేయడం. పాత ఇంటి హాలులో తీసిన పెళ్ళి ఫొటోలో గోడ మీద ఈ కొమ్ములు కనబడుతూ, ఆ ఫొటో 1972కు ముందుదని తేలితే అది విలువైన ఆధారం. ఆల్బములు వెతకండి. అయినా వారు ఆ జతను స్వాధీనం చేసుకోవచ్చు. అందుకు మనసును సిద్ధం చేసుకోండి. నా అభిప్రాయంలో, కాగితం లేని కొమ్ము ఒకటి గోడ మీద ఉండటం కన్నా అది ఇంట్లో లేకపోవడమే మేలు.

ఇక ధ్రువపత్రం ఉన్న కణుజు కొమ్ముల విషయానికి వద్దాం. దీని మీద చెప్పవలసింది చాలా ఉంది.

పాలిష్ దుకాణానికి ఇవ్వాలన్న ఆలోచన రెండు కారణాల వల్ల మానుకోండి. ట్రోఫీలను తయారుచేసే, బాగుచేసే వృత్తికి చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. మీ వీధి చివర పాలిష్ చేసే వారికి అది ఉండదు, మీ కొమ్ము వారి దుకాణంలో ఉన్న క్షణంలో ఇద్దరికీ ఇబ్బందే. రెండవ కారణం కొమ్ముకు సంబంధించినది. బఫింగ్ చక్రం మీద పెట్టి మెరిపించిన కణుజు కొమ్ము ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతుంది. కొమ్ము మీద గాడులు, బుడిపెలు, మొదట్లో ముత్యాల వరుసలా ఉండే గరుకు వలయం, ఇవే దాని అందం. అవి అరిగిపోతే తిరిగి రావు.

‘తెల్లగా’ చేయించాలన్న కోరికను కూడా వదిలేయమని ప్రార్థన. కొమ్ము అంటే ఎముకే: బయట గట్టి పొర, లోపల స్పంజు వంటి గుజ్జు, ఖనిజంతో పాటు కొలాజన్ అనే మాంసకృత్తు కలిసిన నిర్మాణం. పెరిగేటప్పుడు దాని మీద మఖమల్ వంటి చర్మం ఉంటుంది; అది ఎండిపోయాక దుప్పి చెట్లకు రాసి ఊడదీస్తుంది. ఆ సమయంలో ఎండిన రక్తం, చెట్ల బెరడు రసం, మట్టి కలిసి పట్టిన రంగే మీరు చూస్తున్న ముదురు గోధుమ రంగు. అది పైపైనే ఉంటుంది. శాఖల కొనలు మాత్రం రాపిడికి దంతంలా తెల్లబడి ఉంటాయి. బ్లీచింగ్ పౌడరు గాని, మరుగుదొడ్డి శుభ్రం చేసే ద్రవాలు గాని తగిలితే ఆ రంగు పోవడమే కాదు, కొలాజనో ఖనిజమో తినివేయబడి కొమ్ము సుద్దముక్కలా పొడి రాలడం మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో చూపించే హైడ్రోజన్ పెరాక్సైడు చిట్కా ఉత్త పుర్రెలకు వాడేది. మీ కొమ్ములకు కాదు. గరుకు కాగితం, ఇనుప పీచు, ఆమ్లం ఉన్న నిమ్మరసం, చింతపండు, వీటన్నిటినీ ఒకే మాటతో నిషేధిస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు పగటి వెలుతురులో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, పొడవు, మొదలు చుట్టుకొలత, రెండు కొనల మధ్య దూరం, బరువు రాసిపెట్టుకోండి. కొమ్ము మీద గాని, పలక వెనుక గాని అటవీ శాఖ వేసిన గుర్తింపు ముద్ర, సంఖ్య, సీలు ఏదైనా ఉందేమో టార్చి పెట్టి వెతకండి. ఉంటే దాని చుట్టూ రెండు అంగుళాల మేర చేయి కూడా పెట్టవద్దు. ఆ గుర్తును చెరపడం విడిగా ఒక నేరం. శుభ్రం చేస్తుంటే పోయిందన్న సమాధానం ఎవరూ నమ్మరు. పలక వెనుక పాత కాగితపు చీటీ, ఇత్తడి రేకు ఉన్నా అలాగే ఉంచండి. అప్పట్లో దక్షిణాదిలో వేటాడిన జంతువులెన్నో మైసూరులోని వాన్ ఇంగెన్ సంస్థకు వెళ్ళి తయారై వచ్చేవి; ఆ సంస్థ 1999లో మూతబడింది. అలాంటి చీటీ మీ దగ్గర ఉంటే వస్తువు వయసుకు అదే సాక్ష్యం.

పుర్రె ముక్క మీద చర్మం, వెంట్రుకలు ఏమైనా మిగిలి ఉన్నాయా అన్నది తర్వాత చూడవలసిన సంగతి. ఉంటే జాగ్రత్త ఎక్కువ కావాలి, ఎందుకంటే ఇరవయ్యవ శతాబ్దం సగం దాటేదాకా చర్మాన్ని పురుగు తినకుండా పాషాణం (ఆర్సెనిక్ అనే విషం) కలిపిన సబ్బు పూయడం మామూలు. పాషాణానికి కాలం చెల్లడం అంటూ లేదు. చర్మం అంచుల్లో, మొదళ్ళ పగుళ్ళలో తెల్లటి పొడి కనిపిస్తే దులపకండి, ఊదకండి. నైట్రైల్ చేతొడుగులు, ఎన్-95 మాస్కు వేసుకుని తడి దూదితో అద్ది తీసి ఆ దూదిని సంచిలో మూసివేయండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఈ పని వారు లేని గదిలో చేయాలి. పొడి ఎక్కువగా ఉంటే మీరు చేయకుండా వదిలేసి, అటవీ అధికారికి చెప్పి, మ్యూజియం పనిలో శిక్షణ ఉన్న సంరక్షకుని సలహా అడగడమే సరి.

పురుగు విషయం. దుప్పి కొమ్మును పురుగు సాధారణంగా తినదు. చర్మాన్ని, వెంట్రుకను తింటుంది, పలకను పుచ్చు పడుతుంది. మీ గోనెసంచిని విప్పగానే పలక కింద సన్నటి పిండి వంటి రజను పడి ఉంటే పుచ్చు ఇంకా బతికే ఉందని అర్థం. కొమ్ము కొనల మీద జంట గాడుల్లా కొరికిన గుర్తులు ఉంటే అవి అటక మీద ఎలుకలవో ఉడతలవో. కాల్షియం కోసం ఎముకలను కొరకడం వాటికి అలవాటు. ఆ గుర్తులను పూడ్చకండి. పురుగు ఉన్న చర్మాన్ని, చిన్న చెక్కను పాలిథీన్‌లో గాలి చొరకుండా చుట్టి సున్నాకు 20 డిగ్రీలు తక్కువ చలిలో రెండు వారాలు ఉంచి, బయటికి తీశాక మామూలు వేడికి వచ్చేవరకు విప్పకుండా ఉంచడం మ్యూజియంలు అనుసరించే పద్ధతి. మీ కణుజు కొమ్ములు ఇంటి ఫ్రిజ్‌లో పట్టవు. విశాఖలో రొయ్యల కోల్డ్ స్టోరేజీలకు కొదవ లేదు గాని దయచేసి అటు చూడకండి. పలక పుచ్చిపోయి ఉంటే దాన్ని మార్చడమే తేలిక. ఆ సంగతి కింద రాస్తాను.

శుభ్రం చేయడం నిజానికి మీరు ఊహిస్తున్నంత పెద్ద పని కాదు. మొదట పొడిగా: పాషాణం అనుమానం లేదని తేలాక, మెత్తటి రంగుల బ్రష్షుతో గాడుల వెంట దుమ్ము లేపుతూ, మూతికి పలుచటి నెట్ గుడ్డ కట్టిన వాక్యూమ్ క్లీనర్‌తో పక్కనుంచి పీల్చాలి. మీ హాలు దుమ్ములో బీచ్ గాలి తెచ్చిన ఉప్పు కూడా కలిసి ఉంటుంది, పైగా హుద్‌హుద్ నీళ్ళు సున్నపు గోడ మీదుగా కారి ఉంటాయి, అందుచేత పొడి దులపడంతో పని పూర్తి కాదు. ఒక గిన్నె డిస్టిల్డ్ వాటర్‌లో రంగు, వాసన లేని మెత్తటి ద్రవసబ్బు రెండు మూడు చుక్కలు కలిపి, చెవి దూదిపుల్లను ముంచి పిండి, వెనుకవైపు కనబడని చోట ముందు పరీక్షించండి. దూదికి బూడిదరంగు మురికి అంటితే కొనసాగించవచ్చు. గోధుమ రంగు అంటడం మొదలైతే మీరు మురికిని దాటి కొమ్ము సహజ వర్ణాన్ని తీస్తున్నారని తెలుసుకుని అక్కడే ఆగండి. అరచేయంత చోటు తుడిచి, సబ్బు లేని తడి దూదితో మళ్ళీ తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్ది, తర్వాతి చోటికి వెళ్ళాలి. కుళాయి కింద పెట్టడం, బకెట్‌లో నానబెట్టడం ఎంతమాత్రం కూడదు; లోపలి స్పంజు పొర నీటిని పీల్చుకుని, ఆరేటప్పుడు పైపొర కన్నా వేరే వేగంతో ముడుచుకోవడం వల్ల నిలువు పగుళ్ళు వస్తాయి. ఆరబెట్టడానికి ఎండ, హెయిర్ డ్రయ్యర్ వద్దు, ఫ్యాను గాలి చాలు. మీ దగ్గర వర్షాకాలం నడుస్తుంటే ఈ పనిని పొడి వాతావరణం ఉండే జనవరి, ఫిబ్రవరి నెలలకు వాయిదా వేయడం మంచిది.

జిగురుగా, నల్లగా పేరుకున్న పాత నూనె ఉంటే నీటితో పోదు. మన ఇళ్ళలో పండగకు పండగకు కొమ్ములకు కొబ్బరినూనో ఆముదమో రాసే అలవాటు ఉండేది. ఆ నూనె గాలికి ముదిరి బంకగా మారి దుమ్మును పట్టుకుంటుంది, విశాఖ చెమ్మకు దాని మీద బూజు కూడా పెరుగుతుంది. మినరల్ టర్పెంటైన్ కొద్దిగా అద్దిన దూదితో, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా, ఓపికగా తీయాలి. పాత పూత లక్క పాలిష్ అయితే టర్పెంటైన్‌కు కదలదు, మిథిలేటెడ్ స్పిరిట్‌కు కరుగుతుంది. ఇకమీదట నూనె రాయవద్దు.

విరిగిన శాఖ ముక్క మీ దగ్గర ఉందని రాశారు, అదృష్టం. ఫెవికాల్‌తో అతికిస్తే చెమ్మకు మెత్తబడి జారుతుంది. ఫెవిక్విక్ పెళుసు, పైగా పొరపాటున వంకరగా అతికితే సరిదిద్దలేరు. ఎం-సీల్ వంటి ఎపాక్సీ గట్టిగానే పడుతుంది గాని తర్వాత ఎవరూ విప్పలేరు. పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెసిన్‌ను సంరక్షకులు ప్రపంచమంతటా వాడతారు; పలుకుల రూపంలో దొరికే దాన్ని ఎసిటోన్‌లో కరిగిస్తే అతుకు వస్తుంది, మళ్ళీ ఎసిటోన్ తగిలిస్తే విడిపోతుంది. ఆన్‌లైన్‌లో కొద్ది మొత్తంలో తెప్పించుకోవచ్చు. విరిగిన రెండు ముఖాలకూ పలుచటి ద్రావణం ఒక పూత వేసి ఆరనిచ్చి, చిక్కటి ద్రావణంతో అతికించి, ఇసుక నింపిన డబ్బాలో శాఖను నిలబెట్టి ఒకటి రెండు రోజులు కదల్చకుండా ఉంచండి. కొమ్ముకు రంధ్రం చేసి ఇనుప చువ్వ దించాలని ఎవరైనా చెబితే వద్దనండి. బరువంతా మొదలు మీద పడుతుంది, కొన మీద కాదు. అతుకు గీత కనబడితే, ముందు వేసిన రెసిన్ పొర మీదనే వాటర్ కలర్‌తో చుట్టుపక్కల రంగుకు సరిపోల్చండి. నిలువు పగుళ్ళను సాధారణంగా పూడ్చనవసరం లేదు. అవి చెమ్మతో పాటు కొద్దిగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. గట్టి పుట్టీ నింపితే కదలడానికి చోటు లేక పక్కన కొత్త పగులు వస్తుంది. ముక్క దొరకని పాత విరుగుడు ఏదైనా ఉంటే అలాగే వదిలేయండి. ఇంకో కొమ్ము కొని ఆ ముక్క కోసి అతికించే ఆలోచన వస్తే, కొనడమే నేరమని గుర్తు చేసుకోండి.

వార్నిష్ బదులు మైక్రోక్రిస్టలైన్ మైనం వాడండి. మెత్తటి గుడ్డతో కంటికి కనబడనంత పలుచగా పూసి, పది నిమిషాల తర్వాత గుర్రపు వెంట్రుకల బ్రష్షుతో గాడుల్లోంచి అదనపు మైనాన్ని తీసేస్తే, కొమ్ము దాని రంగుతోనే కొంచెం నిండుగా కనిపిస్తుంది. చెక్క వార్నిష్‌లు ఏడాది రెండేళ్ళకు పసుపు తిరిగి, పొలుసులై ఊడుతూ సహజ వర్ణాన్ని కూడా లాక్కుపోతాయి. ఎండకు వెలిసిపోయిన చోట రంగు కోసం పొటాషియం పర్మాంగనేట్ రాయమని పాతవాళ్ళు చెబుతారు; అది ఎముకతో రసాయన చర్య జరుపుతుంది కాబట్టి నేను చెప్పను.

పలక, మరలు, గోడ: మీ ఊరి గాలికి ఇక్కడే అసలు ప్రమాదం. పుర్రె ముక్కలో పాత ఇనుప మరలు తుప్పు పట్టి ఉబ్బితే చుట్టూ ఎముక చీలుతుంది. తుప్పు వదిలే నూనె స్ప్రే చేస్తే ఎముక మీద చెరగని మరక పడుతుంది. దాని బదులు మర తల మీద వేడి సోల్డరింగ్ ఐరన్ కొన కొద్దిసేపు ఆనించి చల్లారనిస్తే తుప్పు పట్టు సడలుతుంది. అప్పుడు నెమ్మదిగా ముందుకూ వెనక్కూ తిప్పుతూ తీయాలి. రాకపోతే బలవంతం చేయక, తల కోసి కాడను అక్కడే వదిలేయడం నయం. పుర్రె కింద ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ దిమ్మ ఉంటే అది తేమను పట్టి ఉంచుతుంది. వదులుగా ఉంటే తీసి, దాని ఆకారంలోనే చెక్క దిమ్మ చెక్కించండి. కొత్త మరలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కొనండి. సముద్రపు గాలికి 304 రకం కూడా గోధుమ చారలు కారుస్తుంది. పాత రంధ్రాలనే వాడాలి, కొత్తవి చేయకూడదు; రంధ్రం పెద్దదైపోయి ఉంటే రెసిన్‌లో ముంచిన వెదురు పుల్లలతో పూడ్చి బిగించవచ్చు.

హుద్‌హుద్ నీటికి టేకు పలక ఉబ్బి వంకర తిరిగిందన్నారు. పుచ్చు లేకపోతే దాన్నే ఆరబెట్టి, వెనుక రెండు అడ్డపట్టీలు వేసి నిలబెట్టవచ్చు. పాత పలక ఉండటం ధ్రువపత్రంలోని వర్ణనతో సరిపోలడానికి కూడా ఉపయోగం. మార్చక తప్పకపోతే, ఎండిన పాత టేకు, ఇల్లు పడగొట్టినప్పుడు దొరికే ద్వారబంధం చెక్క వంటిది, కొత్త చెక్క కన్నా మేలు, ఎందుకంటే అది ముడుచుకోవలసినంత ముడుచుకుపోయి ఉంటుంది. వడ్రంగి మేస్త్రి దగ్గరికి కొమ్ములు తీసుకెళ్ళవద్దు. అట్టముక్క మీద పుర్రె అడుగు ఆకారం, రంధ్రాల స్థానం గీసి ఆ అట్ట పంపండి. పాత పలకను మాత్రం పారేయకుండా విడిగా దాచండి.

మధురవాడ ఫ్లాటులో ఏ గోడ అన్నది మేస్త్రితో కాకుండా బిల్డరుతో మాట్లాడి తేల్చుకోండి. ఇప్పటి ఫ్లాటుల్లో లోపలి గోడలు చాలావరకు తేలికపాటి గాలిదిమ్మెలవి (ఏఏసీ బ్లాకులవి). మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు వాటిలో నెమ్మదిగా జారిపోతుంది. కాంక్రీటు స్తంభం గాని దూలం గాని ఉన్నచోట యాంకర్ బోల్టులు వేయడం, లేదా గాలిదిమ్మెలకని ప్రత్యేకంగా చేసే పొడవాటి నైలాన్ ప్లగ్గులు వాడటం సరైన పద్ధతి. ఒకే మేకుకు తాడుతో వేలాడదీయవద్దు. ఏటవాలుగా కోసిన రెండు చెక్కపట్టీలు చేయించి, ఒకటి గోడకు, ఒకటి పలక వెనుక బిగించి, పైదాన్ని కిందిదానిలో కూర్చోబెడితే బరువు వెడల్పంతటా పడుతుంది, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఎత్తి దించుకోవడమూ సులువు. పలక అడుగున రెండు కార్కు ముక్కలు అతికించి, గోడకూ పలకకూ మధ్య వేలెడంత ఖాళీ ఉంచితే గాలి ఆడుతుంది.

సముద్రం వైపు బాల్కనీ గోడ, పడమటి ఎండ పడే గోడ, ఏసీ గాలి సూటిగా తగిలే చోటు, వంటగది పక్క, దేవుడి గది దీపాల పొగ చేరే చోటు, ఇవి పనికిరావు. చెమ్మ ఎక్కువగా ఉండటం కన్నా పగలు ఏసీ పొడిదనం, రాత్రి కిటికీ తెరిచిన చెమ్మ, ఇలా రోజూ మారుతూ ఉండటమే ఎముకకు ఎక్కువ చేటు. శాఖల కొనలు తలకు తగలనంత ఎత్తులో, అంటే కొమ్ముల అడుగు భాగం నేలకు కనీసం రెండు మీటర్ల పైన ఉండాలి. సోఫాకు పైన, మంచానికి పైన, నడకదారి మలుపులో వద్దు. సీలింగ్ ఫ్యాను రెక్కకూ కొమ్ము కొనకూ మధ్య దూరం టేపుతో కొలిచి చూడండి. కొత్త ఫ్లాటుల్లో పైకప్పు తక్కువ ఎత్తు కాబట్టి, పాత హాలులో ఇబ్బంది లేని కొమ్ము ఇక్కడ ఫ్యానుకు తగలవచ్చు. నెలకొకసారి మెత్తటి బ్రష్షుతో దులపడం, వర్షాలు తగ్గాక ఏడాదికొకసారి దించి మరలను, వెనుక భాగాన్ని చూడటం తప్ప వేరే పోషణ అక్కర్లేదు. మైనం మూడు నాలుగేళ్ళకు ఒకసారి చాలు.

చెల్లెలి కోరిక గురించి. చిన్న జత సంగతి అటవీ శాఖ తేల్చేవరకు అది ఎక్కడికీ కదలకూడదు. పెద్ద జతను ఆమెకు ఇద్దామనుకున్నా, హైదరాబాదు ఇప్పుడు వేరే రాష్ట్రం. ధ్రువపత్రం ఉన్న ట్రోఫీని ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి తీసుకెళ్తే ముప్పై రోజుల్లో అక్కడి ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలియజేయాలి, అనుమతి చూడకుండా బస్సు పార్సిలు వారు గాని కొరియరు వారు గాని దాన్ని తీసుకోకూడదు. అమ్మకం అన్న మాటే లేదు. ఆమె కూడా వారసురాలే కనుక, మీరు ఈ వారం ఇచ్చే ప్రకటనలో ఆమె పేరు, ఆమె అంగీకారపత్రం చేర్చి, కొమ్ములు ఎవరి సంరక్షణలో ఏ చిరునామాలో ఉంటాయో ఇద్దరూ సంతకం చేసి ఇవ్వండి. ఇద్దరిలో ఎవరికీ ఉంచుకోవాలని లేని రోజు వస్తే, మీ పేరున ధ్రువపత్రం వచ్చాక ఏడు పనిదినాల ముందు నోటీసు ఇచ్చి అటవీ శాఖకే అప్పగించే వీలు 2022 సవరణలో ఉంది. అందుకు పరిహారం ఏమీ రాదు.